తమ్ముడి తోలు హెల్మెట్ కోసం కైజర్స్‌లౌటర్న్ దాకా

మా తమ్ముడు నవీన్ చాలా నెలల తరవాత ఒక వస్తువు కావాలని నోరు తెరిచి అడిగాడు. ఈ ప్రయాణం అలా మొదలైంది. వాడడిగింది తోలు హెల్మెట్. బండి మీద పెట్టుకునేది కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ తొలిరోజుల్లో ఆటగాళ్ళు తలకు తొడుక్కున్న మెత్తటి తోలు టోపీ. ఆ కాలపు అసలు హెల్మెట్లు ఇప్పుడు దొరకడం కష్టం, దొరికినా మనలాంటివాళ్ళకు అందవు. అందుకని అచ్చం వాటిలాగే కొత్తవి కుట్టి, వాడి వాడి అరిగినట్టు కనిపించేలా చేసి, సరదాగా దాచుకునేవాళ్ళకు ఇచ్చే పనివాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. అలాంటి ఒకావిడ కైజర్స్‌లౌటర్న్ దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఎన్నో ఏళ్ళుగా అమెరికా సైనికులు కుటుంబాలతో కాపురముంటున్నారు, వాళ్ళతోపాటు వాళ్ళ ఆటా వచ్చింది. జర్మనీలో ఉన్న మనవాళ్ళలో ఈ సరదా ఉన్నవాళ్ళెవరైనా వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని దారీ రైళ్ళూ వివరంగా రాస్తున్నాను. మాకు అక్కడ జరిగింది కూడా రాస్తున్నాను. అది వదిలేసి దారి ఒక్కటే చెప్పడం నావల్ల కాలేదు.

మాది నిజామాబాద్. పెళ్ళయ్యాక నేను కొలోన్ వచ్చాను, ఇక్కడే ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. నవీన్ నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. బ్రెమెన్‌లో మాస్టర్స్ చేసి, అక్కడే విమాన రెక్కల భాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజినీరుగా చేరాడు. చదువుకునే రోజుల్లో ఎవరో స్నేహితుడు వాణ్ణి అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాక్టీసుకు తీసుకెళ్ళాడట. వాడు కాలేజీలో కబడ్డీ బాగా ఆడేవాడు. ఇది కూడా పట్టుకోవడం, విడిపించుకోవడం, గీత దాటడమే కదా, కూత ఒక్కటే తక్కువ అని ఫోన్లో నాకు చెప్పి నవ్వాడు. వారాంతాల్లో ఒక చిన్న క్లబ్బుకు ఆడటం మొదలుపెట్టాడు. దాంతోపాటే పాత హెల్మెట్ల నమూనాల మీద మోజు పుట్టింది. మొదట గుప్పిట్లో పట్టేంత బుల్లి హెల్మెట్లు బల్లమీద వరసగా పెట్టాడు. తరవాత అసలు సైజువి కొన్నాడు, మొహం ముందు ఒక్క కడ్డీ మాత్రం ఉండే పాతకాలం ప్లాస్టిక్ రకాలు. నేను వెళ్ళినప్పుడల్లా ఒక్కొక్కటి చేతికిచ్చి, ఇది ఏ కాలంలోది, దీని తరవాత ఏం మార్చారు అని చెప్పేవాడు. తోలుది ఒక్కటి లేదని వాడి వెలితి. కిందటేడు ఎండాకాలంలో ఆ పల్లెలోని ఆవిడకు దానికోసం ఆర్డరు కూడా ఇచ్చాడు.

ఆ శరత్కాలంలో ఒక మ్యాచ్‌లో తలకు గట్టి దెబ్బ తగిలింది. ఎవరికీ చెప్పలేదు. కొద్ది వారాలకే ఇంకో మ్యాచ్‌లో మళ్ళీ తగిలింది. లేచి తన కాళ్ళ మీదే నడిచొచ్చి బెంచీ మీద కూర్చుని, పక్కవాణ్ణి ఇది ఏ ఊరని అడిగాడట. ఆసుపత్రిలో స్కానింగులన్నీ బాగానే వచ్చాయి. మనిషి మాత్రం బాగాలేడు. వెలుతురు పడదు, చప్పుడు పడదు, ఫోన్ తెర చూస్తే వాంతి. నేను వెళ్ళి కొలోన్‌కు తీసుకొచ్చాను. మా ఇంట్లో ఒక గది కర్టెన్లు నెలల తరబడి వేసే ఉన్నాయి. మా ఏడేళ్ళ మేఘ మునివేళ్ళ మీద నడవడం నేర్చుకుంది. బడి నుంచి వచ్చిన స్నేహితురాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "మామయ్య ష్లేఫ్ట్" అని, నిద్రపోతున్నాడని, గుసగుసగా చెప్పేది. నిజానికి మామయ్య నిద్రపోయేవాడు కాదు, చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకునేవాడు.

చలి తగ్గేసరికి నెమ్మదిగా కోలుకున్నాడు. రైన్ ఒడ్డున నడిచొచ్చేవాడు. ఒక ఆదివారం టమాటా పప్పు చేసి మా అందరికీ వడ్డించాడు. జులై నుంచి రోజుకు కొన్ని గంటల చొప్పున పనిలోకి తీసుకోవడానికి వాళ్ళ ఆఫీసు ఒప్పుకుంది. ఇక్కడ ఉండటానికి వాడికిచ్చిన బ్లూ కార్డ్ ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది కాబట్టి ఆ కబురు వచ్చిన రోజు మా ఆయన శ్రీధర్ స్వీట్లు తెచ్చాడు. అలాంటి రోజుల్లో, జూన్‌లో, నవీన్ వంటింట్లోకి వచ్చి, తనొక తోలు హెల్మెట్ ఆర్డరిచ్చాననీ, ఈపాటికి తయారై ఉంటుందనీ, వెళ్ళి తెచ్చుకుందామా అనీ అడిగాడు. నాకు పట్టలేనంత సంతోషమైంది. తెర చూస్తే వాడికి ఇంకా తలనొప్పి వస్తుంది కనక నా మెయిల్ నుంచి నేనే ఆవిడకు రాశాను, నవీన్ హెల్మెట్ కోసం శనివారం ఇద్దరం రావచ్చా అని. మర్నాడే జవాబొచ్చింది. తప్పకుండా రండి, నవీన్‌ను అక్కతో చూడటం తనకూ సంతోషమే అని రాసింది. ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాను.

ఇక దారి. కొలోన్ మెయిన్ స్టేషన్ నుంచి రైన్ ఎడమ ఒడ్డు వెంబడి మైంట్స్ వైపు వెళ్ళే ప్యాసింజరు రైలుంది. దాంట్లో బింగెన్ దాకా వెళ్ళి, అక్కడ దిగి కైజర్స్‌లౌటర్న్ వెళ్ళే చిన్న రైలెక్కాలి. ప్యాసింజరు రైళ్ళన్నిటికీ చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే వేరే ఖర్చేం లేదు. ఐసీఈ అనే వేగం బండిలో మాన్‌హైమ్ మీదుగా వెళ్తే త్వరగా చేరతారు గానీ, ఆ వేగం, ఆ సొరంగాలు నవీన్‌కు పడవు. నిదానంగా వెళ్ళే దారిలో మొత్తం నాలుగు గంటలు అనుకోండి, బింగెన్‌లో రైలు తప్పితే ఇంకో గంట. మేము పొద్దున్న ఏడు దాటాక బయల్దేరాం. శనివారం ఆ వేళకు బండి ఖాళీగా ఉంటుంది. కోబ్లెంట్స్ దాటాక నది కిటికీ పక్కనే నడుస్తుంది, కొండల మీద కోటలు ఒకటి తరవాత ఒకటి వస్తాయి. ఇవి చూడాలంటే ఎడమవైపు కూర్చోవాలి. కానీ పొద్దుటి ఎండ కూడా అటే కొడుతుంది, నీళ్ళ మీద పడి ఇంకా మెరుస్తుంది. అందుకని మేమిద్దరం కుడివైపు కూర్చున్నాం, నవీన్ టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు. నేను మాత్రం అప్పుడప్పుడు మెడ తిప్పి నదిని చూశాను.

దారిపొడుగునా వాడు తోలు హెల్మెట్ల సంగతులే చెప్పాడు. మొదట్లో చెవులకు మాత్రమే తోలు తొడుగులుండేవట, చెవి చినగకుండా. తరవాత నెత్తి మీద పట్టీలు వచ్చాయి, ఆపైన తలంతా కప్పేలా ముక్కలు కలిపి కుట్టారు. చెవుల దగ్గర చిల్లులు పెట్టింది తోటివాళ్ళ మాట వినపడటానికి. లోపల ఉన్ని మెత్త. ఆ హెల్మెట్ దెబ్బను ఆపేది కాదని, పుర్రె పగలకుండా చూసేదే తప్ప లోపల మెదడు అదరకుండా ఏ హెల్మెట్టూ ఆపలేదని కూడా వాడే చెప్పాడు. బింగెన్‌లో బండి మారే టైములో నేను తెచ్చిన నిమ్మకాయ పులిహోర ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని తిన్నాం. అక్కడి నుంచి రైలు లోయలోకి మళ్ళుతుంది. ద్రాక్షతోటలు పోయి అడవి వస్తుంది, స్టేషన్లు చిన్నవవుతాయి. వాడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. వాడి తల బరువు నా భుజానికి తెలుస్తూ ఉంటే, ఈ మనిషి మళ్ళీ మాకు దొరికాడని నాకు ఆ గంటసేపు గట్టి నమ్మకంగా ఉంది.

కైజర్స్‌లౌటర్న్ స్టేషన్ ముందు నుంచి ఆ పల్లెకు బస్సు. శనివారాలు గంటకొకటి ఉంటుంది, ఆదివారం దాదాపు లేనట్టే. తిరుగు బస్సు గురించి డ్రైవర్‌ను అడిగితే, బోర్డు మీద రాసింది నమ్మవద్దన్నాడు. రోడ్డు తవ్వి స్టాపును చర్చి వెనక్కి మార్చారట, అక్కడ నిలబడితేనే ఎక్కించుకుంటానన్నాడు. వెళ్ళేవాళ్ళు ఈ విషయం అడిగి తెలుసుకోండి. బస్సు దిగగానే మూలమీద ఒక బేకరీ ఉంది. ఆవిడకు ఉత్త చేతులతో వెళ్ళడం ఎందుకని లోపలికెళ్ళాం. కౌంటరు దగ్గరున్నామె నవీన్‌ను చూసి, అప్పుడు తీసుకున్నదే ఇవ్వనా అని అడిగింది. వాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మన మొహాలన్నీ వీళ్ళకు ఒక్కలాగే కనిపిస్తాయేమో అని తెలుగులో అనుకుని ఇద్దరం నవ్వుకున్నాం. స్ట్రాబెర్రీ కేకు ముక్కలు మూడు కట్టించుకున్నాం. బయటికొచ్చి నేను ఫోన్లో మ్యాపు తెరిచేలోపే వాడు ఎడమవైపు సందులోకి నడిచాడు. ఇంట్లోనే దారి చూసి పెట్టుకున్నాడు కాబోలు అనుకున్నాను.

హెల్మెట్లు కుట్టే ఆ ఫ్రావ్ లోరెంట్స్‌కు అరవై దగ్గర ఉంటాయి. గుర్రాల జీనులు కుట్టే కుటుంబం. గుర్రాలు తగ్గాక, ఎవరో అమెరికన్ ఆఫీసరు తన తాత హెల్మెట్ ఫోటో తెచ్చి ఇలాంటిది చేసిపెడతావా అని అడిగితే ఈ పనిలోకి వచ్చిందట. పశువుల కొట్టాన్ని వర్క్‌షాపుగా మార్చుకుంది. ముందు మెయిల్ పెట్టి ఒప్పుకుంటేనే రానిస్తుంది, ఊరి పేరు రాయొద్దని కూడా నాకు చెప్పింది. గేటు దగ్గరికి ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని, మొత్తానికి అక్కను చూశానంది. నవీన్ భుజం తట్టింది. మమ్మల్ని లోపల కూర్చోబెట్టేసరికి ఇంట్లో ఫోను మోగితే, చుట్టూ చూస్తూ ఉండండి, కాఫీ పెట్టి వస్తానని వెళ్ళింది.

లోపల తోలు వాసన, మైనం వాసన. కిటికీలు ఉత్తరానికి ఉండటంతో వెలుతురు మెత్తగా ఉంది, నవీన్ టోపీ తీసేశాడు. ఒకవైపు బల్లమీద కోసిపెట్టిన తోలు ముక్కలు, చెక్కతో చేసిన తల అచ్చులు. ఇంకోవైపు అలమారల నిండా తయారైన హెల్మెట్లు. గుమ్మడికాయ మీద గీతల్లాగా నడినెత్తి నుంచి చుట్టూ దిగే కుట్లు, వేలాడే చెవి రెక్కలు, గడ్డం కింది పట్టీ. అన్నీ కొత్తగా కుట్టినవే, ఒక్కటీ కొత్తదానిలా లేదు. అంచులు గరుకు కాగితంతో అరగదీసి, మడతల దగ్గర పాలిష్ రుద్ది, నుదురు తగిలేచోట చెమట పట్టినట్టు నల్లగా చేసింది. ప్రతిదాని లోపలా ఇది చూసుకోవడానికే, ఆడటానికి కాదని చిన్న చీటీ కుట్టి ఉంది. ఒక్కొక్కటి మా ఇంటి నెల సరుకులంత ఖరీదు ఉంటుంది, చూస్తే ఎక్కువనిపించలేదు. కొనేవాళ్ళు తల కొలత ముందే పంపాలి, తయారీకి నెలలు పడుతుంది.

తలుపు పక్క గోడ నిండా ఫోటోలున్నాయి. హెల్మెట్ తీసుకెళ్ళిన ప్రతివాళ్ళనూ అది పెట్టించి ఫోటో తీసి అంటించడం ఆవిడ అలవాటు. ముసలి సైనికులు, జంటలు, ఒక పెళ్ళికూతురు కూడా ఉంది. నేను అలమార దగ్గర ఉన్నాను. నవీన్ ఆ గోడ ముందు నిలబడి ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఎంతసేపటికీ కదలకపోతే తల తిరుగుతోందేమోనని చూశాను.

"అక్కా, ఒకసారి ఇటు రా" అన్నాడు.

వెళ్ళాను. కింది వరసలో, చివర, కొత్తగా అంటించిన ఫోటో. నవీన్. తలకు గోధుమరంగు తోలు హెల్మెట్, గడ్డం కింద పట్టీ బిగించుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఒంటిమీద మార్చిలో వాడి పుట్టినరోజుకు నేను కొన్న నీలం స్వెటరు.

"ఇది నేనే కదా?" అని అడిగాడు. "నేనెప్పుడొచ్చిన ఇక్కడికి?"

ఫ్రావ్ లోరెంట్స్ ట్రేతో లోపలికొచ్చి మమ్మల్ని చూసి ఆగింది. ఆ ఫోటో ఎప్పటిదని నేనే జర్మన్‌లో అడిగాను. ఆవిడ మొదట నవ్వబోయి, మా మొహాలు చూసి మానేసింది. "మేలో వచ్చాడు కదా, ఒక్కడే. హెల్మెట్ తీసుకెళ్ళాడు. మీకు చెప్పలేదా?" అంది.

నేను స్టూలు మీద కూర్చున్నాను. నా మెయిల్ చూసి ఆవిడ వేరేలా అనుకుందట. నవీన్ తన హెల్మెట్ పుట్టిన చోటు అక్కకు చూపించడానికి తీసుకొస్తున్నాడని, ఇంకొకటి చేయించుకుంటాడేమోనని. మేలో ఏ రోజని అడిగాను. చెప్పింది. అది నేను ఆఫీసుకు వెళ్ళిన మంగళవారం. నాకు ఆ రోజు గుర్తుంది. శ్రీధర్, మేఘలతో కలిసి రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చేసరికి నవీన్ బట్టలు కూడా మార్చుకోకుండా మంచం మీద పడి నిద్రపోతున్నాడు. పొద్దుటినుంచీ పడుకునే ఉన్నాడనుకుని, లేపితే తలనొప్పి వస్తుందని, తలుపు దగ్గరికి వేసి అన్నం మూతపెట్టి ఉంచాను. వాడు కొలోన్‌లో రైలెక్కి, బింగెన్‌లో మారి, బస్సెక్కి, ఇక్కడికొచ్చి, మళ్ళీ అంత దారీ ఒంటరిగా తిరిగొచ్చి పడుకున్నాడన్నమాట.

నవీన్ నిలబడే ఉన్నాడు. ఆవిడను ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాడు. చాలా మర్యాదగా, ఆఫీసులో అడిగినట్టు అడిగాడు. ఆవిడ కాఫీ పక్కన పెట్టి, చెప్పాలా వద్దా అన్నట్టు నన్ను చూసింది. నేను తలూపాను. మెయిల్ పెట్టకుండానే మధ్యాహ్నం వేళ వచ్చాడని, ఆర్డరిచ్చినవాడే కదా అని రానిచ్చానని చెప్పింది. బేకరీ నుంచి కేకు తెచ్చాడు. హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసుకుని, నిజామాబాద్‌లో వాళ్ళ కబడ్డీ జట్టుకు ఇలాంటివి ఉంటే ఎలా ఉండేదో ఆడి చూపించాడు. ఊపిరి పట్టి ఏదో ఒక మాట అంటూ ఈ బల్ల చుట్టూ తిరిగాడు, తను కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆపైన తోలు కుట్టడం చూపించమని అడిగి, ఒక చెవి రెక్కకు తనే నాలుగు కుట్లు వేశాడు. త్వరలో ఉద్యోగంలోకి వెళ్తున్నానన్నాడు. అక్క ఇంట్లో ఉంటున్నాను, అక్క నాకోసం ఇల్లంతా చీకటి చేసుకుందన్నాడు. హెల్మెట్‌ను గుడ్డసంచిలో పెట్టిచ్చింది. చేతులూపుతూ బస్సెక్కాడు.

వాడు మొత్తం విన్నాడు. ఎవరో బంధువు గురించి విన్నట్టు, అప్పుడప్పుడు తలాడిస్తూ విన్నాడు. అయిపోయాక నా వైపు తిరిగి, "నాకేం యాదికి లేదక్కా. కొంచెం కూడ లేదు" అన్నాడు. ఆ తరవాత ఆవిడ అదే కొలతతో చేసిన ఇంకో హెల్మెట్ తెచ్చి, పెట్టి చూసుకోమని, ఏమైనా గుర్తొస్తుందేమోనని వాడి చేతుల్లో పెట్టింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, కుట్లను బొటనవేలితో తడిమి, బల్లమీద జాగ్రత్తగా పెట్టేశాడు. కేకు ఎవరమూ ముట్టలేదు. వచ్చేటప్పుడు ఆవిడ నన్ను పట్టుకుని, తనకు తెలిసి ఉంటే ఆ రోజే ఫోన్ చేసేదాన్నని పదేపదే అంది. ఆవిడకేం తెలుస్తుంది. ఆ రోజు వాణ్ణి చూసిన ఎవరికైనా ఆరోగ్యంగా ఉన్న కుర్రాడే కనిపించి ఉంటాడు.

మా ఇంట్లో ఆ హెల్మెట్ లేదు. వాడి గది నేనే సర్దుతాను, నాకు తెలుసు. కైజర్స్‌లౌటర్న్ స్టేషన్లో అడిగాను. గోధుమరంగు తోలు టోపీ, గుడ్డసంచి, మే నెల అని చెబితే కౌంటర్లో అతను ఓపికగా విని, అలాంటిదేమీ రాలేదని, ఇన్ని వారాల తరవాత ఇక్కడ ఉండదని అన్నాడు. పోయిన వస్తువుల ఆఫీసుకు ఆన్‌లైన్‌లో రాయమన్నాడు. రాశాను కూడా. ఏ రైల్లో వదిలేశాడో, ఏ బెంచీ మీద పెట్టి లేచాడో, ఎవరికి తెలుసు.

తిరుగు రైలు బింగెన్ దాకా నిండుగా ఉంది, ఎవరో కుర్రాళ్ళు పాటలు పెట్టుకున్నారు. నవీన్ చెవుల్లో దూది పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రైన్ ఒడ్డు బండిలోకి మారాక సందడి తగ్గింది. సాయంత్రం ఎండ కొండల మీదికి జరిగింది, నది చల్లగా కనిపిస్తోంది. కోటలు మళ్ళీ ఒకటి తరవాత ఒకటి వచ్చాయి. బోప్పార్డ్ దాటాక వాడు కళ్ళు తెరిచాడు.

"డాక్టర్‌కు చెప్పకు అక్కా."

"చెప్పకుంటె ఎట్ల రా?"

"చెప్తె నన్ను ఆఫీసుల మల్ల పెట్టుకోరు. వచ్చే నెలనే కదా పోవాల్సింది." కిటికీ వైపు తిరిగి, "ఒక్క రోజే కదా పోయింది. మిగిలిన రోజులన్ని ఉన్నయి నాకు" అన్నాడు.

"ఎన్ని పోయినయో నీకెట్ల తెలుస్తది?" అన్నాను.

అంతకంటే మెత్తగా చెప్పే మాట నాకు ఆ క్షణాన దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. వాడు నన్ను చాలాసేపు చూశాడు. దెబ్బ తగిలాక ఇన్ని నెలల్లో వాడి కళ్ళల్లో నొప్పి చూశాను, విసుగు చూశాను, భయం చూడటం అదే మొదలు. వాడు వేళ్ళు మడుస్తూ లోపల ఏదో లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పోయిన వారం, అంతకు ముందు వారం, ఏ రోజు ఏం తిన్నాడు, ఎవరు ఫోన్ చేశారు. మధ్యమధ్యలో నన్ను అడిగాడు, బుధవారం మేఘను బడి నుంచి నేను తెచ్చానా, శ్రీధర్ బావతో బజారుకెళ్ళింది నిజమేనా అని. అన్నీ నిజమేనని చెప్పాను. కొలోన్ వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు.

సోమవారం నేను డాక్టర్‌కు ఫోన్ చేశాను. నవీన్ పక్క గదిలో ఉన్నాడు, తలుపు తీసే ఉంది. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఆ వారంలోనే ఇచ్చారు, అంత త్వరగా ఇచ్చేసరికే నాకు అర్థమైంది. ఆసుపత్రిలో ఉంచుకుని తలకు తీగలు అంటించి చూశారు. మనిషి కింద పడకుండా, చూసేవాళ్ళకు తెలియకుండా చిన్న చిన్న ఫిట్స్ వస్తున్నాయన్నారు. అవి వచ్చినప్పుడు, వరసగా వస్తే రోజంతా కూడా, మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు, కానీ మెదడు దేన్నీ దాచుకోదట. మాత్రలు మొదలుపెట్టారు. వాటితో కొందరికి ఆగిపోతాయి, కొందరికి ఆగవు, మూడు నాలుగు రకాలు మార్చి చూడాలన్నారు. పోయిన రోజులు మాత్రం తిరిగి రావన్నారు. ఆఫీసు మొదట ఆ జులై తేదీని వాయిదా వేసింది. ఆ తరవాత విచారం తెలుపుతూ ఒప్పందం ముగించింది. ఇక్కడ ఉండటానికి ఇంకెన్నాళ్ళు ఒప్పుకుంటారో కనుక్కోవడానికి శ్రీధర్ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. గదిలో కర్టెన్లు మళ్ళీ వేసి ఉన్నాయి. ఈసారి వెలుతురు పడక కాదు. నవీన్ నామీద అరవలేదు, ఒక్క మాట అనలేదు. నేను అడిగినదానికి జవాబు చెబుతాడు, అంతే. తనంతట తాను నా దగ్గరికొచ్చి ఏదీ అడగడం మానేశాడు.

వాడు ఒంటరిగా బయటికెళ్ళాలని, రైళ్ళు మారాలని, కొత్తవాళ్ళతో కలిసి నవ్వాలని మేము నెలల తరబడి కోరుకున్నాం. అవన్నీ వాడు ఒక మంగళవారం నాడు చేసొచ్చాడు. ఆట మానేశాక వాడికి దక్కిన ఒకే ఒక్క మంచి రోజు అదేనేమో. అది వాడి దగ్గర లేదు, నేను చూడలేదు. ఒక పరాయి ఊళ్ళో పరాయి మనిషికి మాత్రం తెలుసు. వాడికి ఆ రోజు గురించి మళ్ళీ చెప్పబోయాను ఒకసారి. వద్దన్నాడు. వినేకొద్దీ అది తనది కానట్టే ఉంటోందన్నాడు. బాగవుతుందని మా బంధువులంతా ఫోన్లో చెబుతున్నారు, నేనూ అవునంటున్నాను. రాత్రి వాడి గది ముందు నుంచి నడిచేటప్పుడు మాత్రం ఆ మాట నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు చివరిగా ఒక్క సలహా. తలకు దెబ్బ తగిలిన మనిషి మీ ఇంట్లో ఉంటే, వాళ్ళ పేరు, ఇంటి చిరునామా, మీ ఫోన్ నంబరు జర్మన్‌లో రాసి, తల గాయం సంగతి కూడా ఒక ముక్క రాసి, ఆ కార్డు వాళ్ళ జేబులో ఎప్పుడూ ఉండేలా చూడండి. వాళ్ళు చిన్నబుచ్చుకున్నా సరే. బాగాలేని రోజుల్లో ఎలాగూ మీరు పక్కనే ఉంటారు. ఇక బాగైపోయారని మీకు అనిపించిన రోజు మాత్రం తప్పకుండా పెట్టండి.